కదలని గుర్తు

బకెట్టు లేదు. ఇందాక వెళ్ళేటప్పుడు ఈ మలుపులోనే ఉంది, నీలం బకెట్టు, అంచు మీద తడిగుడ్డ వేలాడుతూ, పక్కనే గోడకి ఆనించిన తుడుపుకర్ర. బకెట్టు దగ్గర కుడికి, అని తనకి తాను రెండుసార్లు చెప్పుకుంది కూడా. ఇప్పుడు మలుపు ఉంది, గోడ ఉంది, నేల మీద గుండ్రంగా తడి మరక ఉంది, బకెట్టు మాత్రం లేదు. మరక ఆ బకెట్టుదేనా, లేక ఇది వేరే మలుపూ వేరే మరకా? వెళ్ళేటప్పుడు కుడి అయితే తిరిగొచ్చేటప్పుడు ఎడమ కావాలి, అంతవరకు తెలుసు, ఆ మాత్రం తెలివి ఉంది. కానీ ఎడమంటే ఏ ఎడమ, ఇప్పుడు తను ఎటు తిరిగి నిలబడింది, వచ్చిన వైపు తిరిగిందా, వెళ్ళాల్సిన వైపా? చేతులు చూసుకుంది. కుడిచేతి బొటనవేలి మీద చిన్నప్పటి ఉలిగాటు మచ్చ, అది ఉన్నది కుడి, లేనిది ఎడమ. ఆ లేనిదాంట్లోనే చీటీ ఉంది, చెమటకి మెత్తబడిపోతూ.

చీటీ అంటే రక్తం చీటీ. చెల్లెలికి రెండు సీసాల రక్తం సిద్ధంగా ఉంచామని బ్లడ్ బ్యాంకువాళ్ళు ముద్ర వేసి ఇచ్చిన కాగితం. పదకొండింటికి థియేటర్‌లోకి తీసుకెళ్తారు, చీటీ లేకపోతే డాక్టరుగారు కత్తి పట్టరు, వాయిదా వేసేస్తారు, మళ్ళీ ఎప్పుడో, అంది నర్సు. ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది, ఒకసారి ఒంట్లో రక్తం చాలక, ఒకసారి జ్వరం వచ్చి. నెలకి పదిహేను రోజులు మంచానికి అంటుకుపోయి, ముఖం సున్నం కొట్టిన గోడలా తయారైన చెల్లెలు, ఈసారి వాయిదా పడితే నేను ఇంటికెళ్ళిపోతా అక్కా, ఇక రాను, అని నిన్న సాయంత్రం పడుకుని పైకప్పు చూస్తూ అంది. అన్నంత పనీ చేస్తుంది. మరిది, అదే చెల్లెలి మొగుడు, లారీ మీద పోయి రేపు గానీ రాడు. వదినా, ఒక్కరే చూసుకోగలరా అని ఫోనులో అడిగితే, ఆ, ఏముంది, చంటిపిల్లనా అంది తను. ఆ ఫోను ఇప్పుడు చెల్లెలి గాజులతో, చెల్లెలి ఫోనుతో కలిసి వార్డు అలమరలో తాళం వేసి ఉంది. తాళంచెవి తన కొంగున ఉంది. చెవి ఉంది, తాళం ఎక్కడుందో తెలీదు. ఎంత బాగుందో వాక్యం.

వాక్యాలు బాగానే వస్తాయి. వెళ్ళేటప్పుడు కట్టుకున్న వాక్యం కూడా ఎంత బాగుంది: కునికే వాచ్‌మన్ దగ్గర బయల్దేరి, ఎర్రశాలువా ముసలమ్మ ముందు నుంచి నేరుగా, నీలం బకెట్టు దగ్గర కుడికి, వంతెన దాటి, దగ్గే మనిషి పక్కనుంచి మెట్లు దిగితే రక్తం గది. ఒక్క ముక్క మరిచిపోలేదు. వెనకనుంచి ముందుకి కూడా చెప్పగలదు. వాక్యం చెక్కుచెదరలేదు, లోకమే కదిలిపోయింది. దగ్గే మనిషి మందు పుచ్చుకున్నాడో ఇంటికే పోయాడో. ముసలమ్మ శాలువాతో సహా మాయం. రంగులు వేస్తున్నారని వార్డుల బోర్డులన్నీ తీసి గోడలకి బోర్లించి పెట్టారు, వీపులు చూపిస్తూ, తప్పు చేసిన పిల్లల్లాగా. కదిలేవాటిని గుర్తు పెట్టుకోవద్దే అని చెల్లెలు ఎన్నిసార్లు చెప్పింది! తనకి తొమ్మిదేళ్ళు, చెల్లెలికి ఆరేళ్ళు అప్పుడు, కొత్త ఇంట్లోకి మారిన వారం, నీలం లారీ ఆగి ఉన్న వీధే మన వీధి అని తను గుర్తు పెట్టుకుంది. బడి వదిలేసరికి లారీ వేరే వీధిలో ఉంది. తను ఆ వీధిలోకే వెళ్ళి, లారీ ఎదురుగా ఉన్న ఇంటి తలుపు తట్టి, అమ్మా అని పిలిచింది. ఎవరో పిండి చేతులతో వచ్చి తలుపు తీశారు. చెల్లెలే వెతుక్కుంటూ వచ్చి, ముక్కు చీదుకుంటూ, చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. దారి పొడుగునా తిట్టింది. ఒసే మొద్దూ, తప్పిపోతే కదలకు, ఎక్కడుంటే అక్కడే నిలబడు, నేనే వస్తా. ఆరేళ్ళ పిల్ల తొమ్మిదేళ్ళ పిల్లకి పెట్టిన రూలు అది. చూసేవాళ్ళకి వింతేం కాదు, అప్పటికే చెల్లెలే పొడుగు. ఇద్దరినీ చూసి, పెద్దది ఇది కదూ అని చెల్లెలినే అనేవాళ్ళు. తను పెదవి విప్పి మాట్లాడితే అప్పుడు తెలిసేది, ఓహో, పెద్దది ఈ బుడంకాయా అని.

వంతెన. వంతెన వచ్చింది, రెండు పక్కలా గాజుపలకలు, కిందంతా ఆగిన కార్లు. హమ్మయ్య అనుకుంది. కానీ ఇది దాటాలా, దాటేసిందా? పాత బిల్డింగ్‌లో రెండో అంతస్తు నుంచి వంతెన ఎక్కితే కొత్త బిల్డింగ్‌లో మూడో అంతస్తులో దిగుతారు, నేల ఏటవాలుగా ఉందట. ఈ ముక్క ఇందాక ట్రాలీ తోసుకెళ్ళే మనిషి చెప్పాడు, అదేదో అందరికీ తెలిసిన సంగతన్నట్టు. నడుస్తూనే ఉన్నా, ఒక్క మెట్టు ఎక్కకుండానే, రెండు మూడెలా అవుతుంది? నాన్న అయితే అర్థం చేసుకునేవాడు. నాన్న వడ్రంగి. దుంగని ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, ఇందులో రెండు తలుపులూ ఒక కిటికీ ఉన్నాయి అనేవాడు, లోపల దాక్కున్న మనుషుల గురించి చెప్పినట్టు. అలాంటివాడికి సొరుగు తిరగేసి తోసే కూతురు పుట్టింది. ఈ చెక్క ఆ గాడిలో పెట్టవే అంటే నాలుగు వైపులా తిప్పి నాలుగుసార్లూ తప్పే పెట్టేది. కళ్ళు నెత్తికెక్కాయా, కావాలని చేస్తున్నావా? కావాలని కాదు నాన్నా. మరి పద్యం ఒక్కసారి వింటే అప్పజెప్పేస్తావు, దీనికేం రోగం? చివరికి తనూ అదే నమ్మింది, కావాలనే చేస్తున్నానేమో, లోపల ఎక్కడో బద్ధకం ఉందేమో అని. ఉలిగాటు కూడా అలా తగిలిందే. రక్తం చూసి నాన్న గొంతు మారిపోయింది. అది కోపమో, భయమో, ముఖం చూసి పోల్చుకోలేకపోయింది. ఇప్పటికీ తెలీదు. నాన్న పోయి నాలుగేళ్ళు.

ఇంకో నాలుగేళ్ళు ఉండి ఉంటే నాన్నకి చెప్పి ఉండేది. పోయిన నెలలోనే కదా చిన్న డాక్టరమ్మ ఆ మాట అన్నది. పదిహేడేళ్ళప్పుడు పెద్ద డాక్టరు అన్నది ఒకటి, నలభైకి దగ్గర పడ్డాక ఈ చిన్న డాక్టరమ్మ అన్నది ఇంకొకటి. పెద్ద డాక్టరు ఒక ఫోటో చూపించాడు, నల్లటి గొంగళిపురుగుల్లాంటివి జతలు జతలుగా పేర్చి ఉన్నాయి, ఇరవైరెండు జతలు, చిట్టచివర ఒక్కటే ఒంటరిగా. ఆడవాళ్ళందరికీ ఇక్కడ రెండు ఎక్స్‌లు ఉంటాయమ్మా, మీ పాపకి ఒకటే ఉంది, అందుకే ఎదగలేదు, అందుకే పెద్దమనిషి కాలేదు, ఎవరి తప్పూ కాదు, పుట్టుకలోనే అలా జరుగుతుంది. కాగితం మీద జబ్బు పేరని ఎవరో దొర పేరు రాసి మాత్రలు రాసిచ్చాడు. అమ్మ కొంగుతో నోరు నొక్కుకుంది. పిల్లలు? అని మాత్రం అడిగింది, కొంగులోంచి. ఆ రోజుకి అంతే అర్థమైంది. పొట్టి, పిల్లలు పుట్టరు. సరే. ఆ రెండింటినీ ఎలాగో మోసింది. దారులు తప్పడం, లెక్కలు తప్పడం, ముళ్ళ గడియారం ముందు నిలబడి నీళ్ళు నమలడం, ఇవన్నీ వేరే మూట, తన సొంత మూట, తన మొద్దుతనం. వాటికి డాక్టరు లేడు.

ఎముకల పరీక్షకని వెళ్తే చిన్న డాక్టరమ్మ కలం మూసి, తల వాల్చి, దారులు గుర్తుంటాయా మీకు అని అడిగింది. గడియారం చూసి టైం చెప్పడం కష్టమా? బల్ల మీద సామాను సర్దడం? ఎదుటివాళ్ళ ముఖం చూసి భయపడుతున్నారో నవ్వుతున్నారో పట్టుకోగలరా? ఎవరో కిటికీలోంచి తొంగి చూసి, చాటుగా ఏడుస్తున్న మనిషిని పేరు పెట్టి పిలిచినట్టయింది. ఇవి కూడా అందులోవేనా అమ్మా? చాలామందిలో ఉంటాయండీ, అందరికీ ఒకేలా ఉండవు, అసలు లేనివాళ్ళూ ఉన్నారు. కడుపులో మెదడు కట్టుకునేటప్పుడే కొన్ని చోట్ల వేరేగా కట్టుకుంటుంది, అంతే. తెలివికేం లోటు లేదు. మాటలు చూడండి మీకు ఎంత బాగా వస్తాయో. వేరేగా కట్టుకుంటుంది, అంది, ఇల్లు గురించి చెప్పినట్టు. అయితే ఆ ఇంట్లో ఉంటున్నదెవరు? సొరుగు తిరగేసి తోసింది తనా, లేని ఎక్సా? లేనిది ఎలా చేస్తుంది ఏ పనైనా? పోనీ అది కూడా ఉండి ఉంటే, పొడుగ్గా, చెక్కని గాడిలో ఒక్క దెబ్బకి కూర్చోబెట్టే ఇంకో పిల్ల ఉండేదా? ఆ పిల్లకి ఈ గొంతు ఉండేదా? మాటలు కూడా తనవి కావా అయితే, అవి కూడా ఆ ఖాళీ చోటే ఇచ్చిందా? ఇన్నాళ్ళూ మోసిన మూట నీది కాదమ్మా అని ఎవరో చెప్తే, భుజం తేలిక కావాలి కదా. కాలేదు. మూట లేని భుజం ఎటు వంగాలో తెలీక అలాగే ఉండిపోయింది.

టోకెన్ నూట నల... డో నంబర్. అయ్యో, మళ్ళీ ఈ హాలే. కింద హాలు, వరసగా ఆకుపచ్చ కుర్చీలు, కౌంటరు వెనక వార్డులన్నిటికీ వినపడే మైకు పట్టుకున్న అమ్మాయి. ఇది మూడోసారి. వంతెన దాటి, మెట్లు దిగి, మలుపులు తిరిగి, ఎటు పోయినా చివరికి ఇక్కడికే తేలుతోంది, నీళ్ళలో బెండు ముక్కలాగా. నలభై రెండా, నలభై ఏడా, చివరి అక్షరాలు మింగేస్తోంది ఆ అమ్మాయి. మైకు నోటికి మరీ దగ్గరగా పెట్టుకుంది, ఊపిరి వినపడుతోంది. ముగ్గురు లేచి ముగ్గురూ మళ్ళీ కూర్చున్నారు. అంకె చెప్పే ముందు ఒక్క క్షణం ఆగాలమ్మా, జనం చెవులు ఇటు తిప్పేదాకా ఆగాలి, అప్పుడు చెప్పాలి. పద్దెనిమిదేళ్ళుగా తను చేస్తున్న పని అదే. బస్టాండులో మూడు మెట్ల మీద చిన్న గది, ఒక కిటికీ, ఒక మైకు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదుందో ఊరంతటికీ చెప్పేది తను. గొంతమ్మ అంటారు డ్రైవర్లు, కండక్టర్లు. గొంతమ్మ చెప్పిందంటే బస్సు అక్కడ ఉండి తీరాలి, లేకపోతే బస్సుదే తప్పు. ఒకసారి తొమ్మిదో ప్లాట్‌ఫారం దగ్గర ఎవరో సంతకానికి రమ్మంటే బయల్దేరి, డీజిలు పోసే చోట తేలింది. దీపం కింద చీకటంటే ఇదేనే అమ్మా అని ముసలి కండక్టరు పకపకా నవ్వాడు. తనూ నవ్వింది. నవ్వితే సరదాకి చేసిందనుకుంటారు.

ఇందాక కూడా నవ్వింది కదూ. పొద్దున్న, నర్సు చీటీ కోసం పంపించే ముందు, చెల్లెలి జడ రెండు పాయలుగా విడదీసి అల్లుతుంటే చెల్లెలు అద్దంలోంచి చూసి, ఇకనుంచి నువ్వూ నేనూ ఒకటే అక్కా, గర్భసంచి తీసేశాక నాకూ పిల్లలు పుట్టరు, అంది. పెదవులు ఒక పక్కకి వెళ్ళాయి. కళ్ళు కొంచెం పెద్దవయ్యాయి. జోకా అది? చెల్లెలు జోకులే వేస్తుంది ఎప్పుడూ. అవునే, ఇప్పుడు సరిపోయాం ఇద్దరం, అని తను నవ్వేసింది. చెల్లెలు నవ్విందా? అద్దంలో ముఖం ఏమైంది? గుర్తు తెచ్చుకుంటోంది, పెదవులు గుర్తున్నాయి, కళ్ళు గుర్తున్నాయి, అవి రెండూ కలిసి ఏం చెప్పాయో మాత్రం రావడం లేదు, బోర్డు గోడకి బోర్లించి ఉన్నట్టు. భయంతో అన్న మాటకి తను నవ్వేసిందా? చెల్లెలు ఇప్పుడు మంచం మీద, ఆకుపచ్చ గౌనులో, తలుపు వైపు చూస్తూ, అక్క నవ్వి వెళ్ళిపోయింది, తిరిగి రాలేదు అనుకుంటోందా?

టైమెంత? గోడ మీద ముళ్ళ గడియారం. పొట్టిముల్లు పదికీ పదకొండుకీ మధ్య, పొడుగుది తొమ్మిది మీద. తొమ్మిది అంటే, అయిదు తొమ్ములు... పక్క కుర్చీలో ఆయన్ని అడిగింది. "పావు తక్కువ పదకొండమ్మా. గడియారం ఎదురుగానే ఉందిగా" అన్నాడాయన. స్త్రీల ఆపరేషన్ వార్డుకి ఎలా వెళ్ళాలండీ అంటే చెయ్యి గాల్లో తిప్పుతూ, "తిన్నగా వెళ్ళి ఎడమకి, రెండో కుడి, లిఫ్టు ఎక్కి మళ్ళీ వెనక్కి" అన్నాడు. లిఫ్టు ఎక్కాక వెనక్కి అంటే ఏ వెనక్కి? ఎంతమంది చెప్పారు ఈ గంటలో, అందరూ చేతులతో చెప్పారు, ఆ చేతులు దించగానే దారులూ దిగిపోయాయి. నన్ను తీసుకెళ్ళండి అని ఒక్కరినీ అడగలేదు తను. నలభై ఏళ్ళ మనిషి, కళ్ళున్నాయి, కాళ్ళున్నాయి, చదువుంది, వార్డుకి తీసుకెళ్ళమని ఎలా అడుగుతుంది? ఇంకొక్కసారి నడిస్తే దొరికేస్తుంది, ఈసారి తప్పదు, అనుకుంటూనే గంట గడిచింది. చెల్లెలి రూలు ఏమిటి? తప్పిపోతే కదలకు. గంట నుంచీ కదులుతూనే ఉంది.

నిలబడింది. మొదటిసారి, ఊరికే నిలబడింది, హాలు మధ్యలో. జనం ఆమెని చుట్టి వెళ్ళారు. బస్టాండులో తప్పిపోయిన పిల్లలు గుర్తొచ్చారు, ఎంతమందినో, ఆ మూడు మెట్లెక్కించి స్టూలు మీద కూర్చోబెట్టి, గౌను రంగు చూసి, చెప్పుల రంగు చూసి మైకులో చెప్పేది. ఒక్క పిల్లకి కూడా నీ ఇంటికి నువ్వే వెతుక్కుని వెళ్ళవే అని చెప్పలేదు కదా.

కౌంటరు దగ్గరకి వెళ్ళింది. కౌంటరు ఆమె గడ్డం దాకా ఉంది.

"అమ్మాయ్, ఒక్క నిమిషం మైకు ఇస్తావా? మనిషి తప్పిపోయింది."

"ఎవరండీ? చిన్నపాపా? ఆనవాళ్ళు చెప్పండి, నేను పిలుస్తా."

"పాప కాదు. నలభై ఉంటాయి."

"నలభయ్యా! మతి లేని మనిషా అండీ?"

"మతి ఉంది" అంది గొంతమ్మ. ఒక్క క్షణం ఆగి, "నేనే" అంది.

అమ్మాయి కౌంటరు మీదుగా వంగి చూసింది. ఆ ముఖంలో ఏముందో గొంతమ్మకి తెలీలేదు, జాలో, నవ్వో, ఏదైతే ఏం. మైకు మాత్రం చేతికొచ్చింది. జానెడు దూరంలో పట్టుకుంది. ఆగింది. హాలు చెవులు ఇటు తిరిగేదాకా ఆగింది. గొంతు వణకలేదు, దానికి వణకడం అలవాటు లేదు.

"దయచేసి వినండి. స్త్రీల ఆపరేషన్ వార్డు, పన్నెండో నంబరు మంచం పేషెంటు గారి అక్క తప్పిపోయారు. వయసు నలభై. మనిషి పొట్టి. వంకాయరంగు చీర, నల్ల చెప్పులు. చేతిలో రక్తం చీటీ ఉంది. వారికి దారులు తెలియవు. చిన్నప్పటి నుంచీ తెలియవు. ప్రస్తుతం కింద హాల్లో, టోకెన్ కౌంటరు దగ్గర నిలబడి ఉన్నారు. వార్డు వారు ఎవరైనా వచ్చి తీసుకెళ్ళవలసిందిగా కోరుతున్నాం. పన్నెండో నంబరు పేషెంటు గారు భయపడవద్దు. అక్క అక్కడినుంచి కదలరు."

హాలు మొత్తం ఆమెనే చూస్తోంది. ఎక్కడో ఒక ఆడమనిషి, "ఒసే, బస్టాండు గొంతే! బస్సు ఎటు పోతుందో చెప్తుంది చూడు, ఆవిడే!" అంది. ఎవరో నవ్వారు. "మరి ఆవిడకే దారి తెలీకపోవడమేంటి?" అన్నారెవరో. తెలీదు, అనుకుంది గొంతమ్మ, నాకూ తెలీదు, పోయిన నెలే ఎవరో చెప్పారు, ఇంకా అర్థం చేసుకుంటున్నా. మైకు తిరిగి ఇస్తూ, అంకె ముందు ఒక్క క్షణం ఆగమ్మా, అని అమ్మాయికి చెప్పింది. అలాగేనండీ అంది అమ్మాయి. తర్వాత వచ్చిన నూట నలభై ఎనిమిది హాలు నాలుగు మూలలా స్పష్టంగా వినపడింది.

ఆయా పరిగెత్తుకుంటూ వచ్చింది, లావుపాటి మనిషి, రొప్పుతూ. "ఏమమ్మా, నువ్వేనా? గంట నుంచి వార్డంతా నీ కోసమే! నేను రెండుసార్లు దిగి వెతికాను. ఎవరో చూశామన్న చోటికి నేను వచ్చేసరికి నువ్వు ఇంకో చోట. స్పీకర్లో మాట వినగానే మీ చెల్లెలు లేచి కూర్చుంది. అదిగో మా అక్క, పోయి తీసుకురా, ఈసారి కదలదు, అంది." ఆయా తిరిగి గబగబా నడవబోతే, గొంతమ్మ చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకుంది. ఆయా ఒకసారి చూసి, విడిపించుకోలేదు. తిన్నగా, ఎడమకి, లిఫ్టు, మళ్ళీ ఎటో. గొంతమ్మ దారి చూడలేదు. వాక్యం కూడా కట్టుకోలేదు. ఆయా అరచేయి గరుగ్గా, సబ్బు వాసనతో, తడిగా ఉంది. నీలం బకెట్టు ఈవిడదేనేమో అనిపించింది.

థియేటర్ తలుపు ముందు స్ట్రెచర్ ఆగి ఉంది. నర్సు చీటీ లాక్కుని, ముద్ర చూసి, తలూపి లోపలికి వెళ్ళింది. చెల్లెలు పడుకుని తల పక్కకి తిప్పింది. పెదవులు ఒక పక్కకి వెళ్ళాయి, కళ్ళు పెద్దవయ్యాయి, పొద్దుటిలాగే. గొంతమ్మ వంగి ఆ ముఖాన్ని చూసింది, చాలాసేపు చూసింది, నాన్న దుంగని చూసినట్టు. లోపల ఏముందో కనపడలేదు.

"నాకు ముఖం చూస్తే తెలీదే" అంది. "ఎప్పుడూ తెలీదు. నవ్వుతున్నావా, భయమేస్తోందా? నోటితో చెప్పు."

చెల్లెలు అక్క కొంగు పట్టుకుంది. "భయమేస్తోందక్కా" అంది.

"పొద్దున్న కూడా?"

"పొద్దున్న కూడా."

"నేను నవ్వాను."

"నవ్వావు మొద్దూ" అంది చెల్లెలు. తర్వాత, చిన్న గొంతుతో, "నేను బయటికొచ్చేసరికి ఎక్కడుంటావు?"

"ఇక్కడే."

"ఇక్కడే అంటే?"

"ఈ తలుపు. ఈ గోడ. దీనికి ఆనుకుని నేను."

స్ట్రెచర్ చక్రాలు కిర్రుమన్నాయి. తలుపు రెండు రెక్కలూ విడిపోయి, మళ్ళీ కలుసుకుని, కాసేపు ఊగి ఆగాయి. పైన ఎర్ర దీపం వెలిగింది. గొంతమ్మ గోడకి వీపు ఆనించింది. గోడ చల్లగా ఉంది. కొత్త రంగు ఇంకా ఆరలేదు కాబోలు, చీరకి అంటుకుంటే అంటుకోనీ అనుకుంది.

"అమ్మా, కూర్చునే చోటు అటుంది, మూడు నాలుగు గంటలు పడుతుంది" అన్నాడు దారిన పోతున్న ట్రాలీ మనిషి, చెయ్యి ఎటో చూపిస్తూ.

ఆమె ఆ చెయ్యి వైపు చూడలేదు. "ఫర్వాలేదయ్యా, నేను ఇక్కడే ఉండాలి" అంది, అక్కడే నిలబడింది.